పలక గారి సర్వీసు పుస్తకం

మా మండలాఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టిన మాట నిజం. ఆ కాయ కుళ్లిపోయి ఉన్న మాట కూడా నిజం. దాన్ని అపశకునమని నేను అనను. అలాంటివి నేను నమ్మను. కాయను ఆఫీసువాళ్లు కొన్నారు కాబట్టి కుళ్లింది, అంతే.

కంప్యూటర్ మాత్రం మంచిదే. కింద దిమ్మ, పైన తెర. దిమ్మకు మీటలు, వైర్లు, పక్కన ప్రింటర్. తెరను రెండు చేతులా పట్టి పైకి లాగితే టక్కున ఊడి వస్తుంది. ఊడి వచ్చాక చచ్చిపోదు. దాని బుర్ర దానికుంది, దాని బ్యాటరీ దానికుంది. సంకలో పెట్టుకుని ఊరూరా తిరగొచ్చు, వేలితో రాయొచ్చు, ఫొటో తీయొచ్చు. సాయంత్రం తెచ్చి దిమ్మ మీద కూర్చోబెడితే ఊళ్లో రాసుకొచ్చినదంతా కాగితమై బయటికొస్తుంది. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే బాషాకు అర నిమిషం పట్టింది. ప్రభుత్వానికి పదకొండు పేజీల సర్క్యులర్ పట్టింది.

పథకం పేరు 'గడపకే తెర'. సర్క్యులర్లో ఇలా ఉంది: "విడదీయదగిన ప్రదర్శనా ఫలకమును క్షేత్రస్థాయి సిబ్బంది ద్వారా గ్రామములకు పంపి, పాలనను ప్రజల ముంగిటకు చేర్చవలెను. ఫలకము యొక్క రాకపోకలను నిబంధనల మేరకు నియంత్రించవలెను." ఫలకమంటే నోరు తిరగక జనం దాన్ని పలక అన్నారు. నేనూ అదే అంటాను.

ప్రారంభోత్సవంలో తహసీల్దార్ సుదర్శనరావు గారు స్వయంగా పలకను ఊడదీసి గాలిలో ఎత్తి చూపించారు. ఇకమీదట మీరు ఆఫీసుకు రానక్కర్లేదు, ఆఫీసే మీ దగ్గరికొస్తుందని ప్రకటించారు. చప్పట్లు కొట్టాం. ఆయన అన్నది తు.చ. తప్పకుండా జరిగింది. ఆఫీసు మా దగ్గరికి వచ్చింది. వచ్చి, మళ్లీ వెనక్కి పోలేక ఇరుక్కుంది.

ఎందుకు ఇరుక్కుందో చెప్పాలంటే తిప్పేస్వామి గారి గురించి చెప్పాలి. సీనియర్ అసిస్టెంట్. ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. నిబంధనలన్నీ నాలిక మీద ఉంటాయి. లంచం తీసుకోడు. తీసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది, ఎవరి పని వాళ్లకు జరిగిపోయేది.

పలక ఊడి రాగానే అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన ఒక్కడి మొహం మాడిపోయింది. వచ్చింది ఒక వస్తువు. స్టాకు రిజిస్టర్లో ఒకటే నంబరు వేశాడు. ఇప్పుడది గేటు దగ్గర రెండైంది. ఒకటి లోపల, ఒకటి బయట. సాయంత్రానికి మళ్లీ ఒకటవుతుందట. ఇలాంటి వస్తువుకు ఏ రిజిస్టర్లోనూ కాలమ్ లేదు. ఆయన ఆ మధ్యాహ్నం అన్నం తినలేదని విన్నాను. మూడు గంటలకు ఒక నోటు ఫైలు పెట్టాడు. దాని సారాంశం ఇది. బల్లలు, కుర్చీలు గేటు దాటవు. జీపు దాటుతుంది గాని ఊళ్లోకి పోయి తనంతట తాను ఆఫీసు పని చెయ్యదు. పొద్దున ఆఫీసు నుంచి బయలుదేరి, ఊళ్లో ప్రభుత్వ పని చేసి, తిరిగొచ్చి తన సీట్లో కూర్చునేది ఈ కార్యాలయంలో ఒక్కటే రకం ఉంది. దాన్ని ఉద్యోగి అంటారు. కాబట్టి సదరు ఫలకమునకు స్టాకు రిజిస్టర్ వర్తించదు, సర్వీసు నిబంధనలు వర్తిస్తాయి.

తహసీల్దార్ గారు రోజూ సాయంత్రం అరవై కాగితాల మీద సంతకాలు పెడతారు. ఆ రోజు అరవై ఒకటి పెట్టారు.

మర్నాడు పలకకు సర్వీసు పుస్తకం తెరిచారు. పుట్టిన తేదీ అన్నచోట అది తయారైన తేదీ రాశారు, అట్టపెట్టె మీద చూసి. పుట్టుమచ్చలు రెండు చూపించాలి కదా. ఒకటి దొరికింది, లారీలో వచ్చేటప్పుడు ఎడమ మూల పడిన గీత. రెండోదాని కోసం అరగంట వెతికి, చివరికి వెనకవైపు అంటించిన చిన్న స్టిక్కర్ను 'వీపు మీద మచ్చ' అని నమోదు చేశారు. ఎత్తు సెంటీమీటర్లలో కొలిచారు. విద్యార్హతలు అన్నచోట మాత్రం తిప్పేస్వామి గారు కొంచెం తటపటాయించి, 'అన్నీ తెలుసు' అని రాశారు. ఆఫీసులో ఆ అర్హత ఉన్న మొదటి ఉద్యోగి అదే.

ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో అర్జీలు రాసే నాకు ఇదంతా కళ్లముందే జరిగింది. నవ్వాను. నవ్వడం తప్పని ఆ వచ్చే వారంలో తెలిసింది.

*

ఓబులమ్మది బోడిగుట్టపల్లె. ఆఫీసుకు పదకొండు కిలోమీటర్లు. పుట్టిందీ అక్కడే, మేనమామ కొడుకుని చేసుకుని ఉన్నదీ అక్కడే. మొగుడు పోయాక వేరుశనగ మిల్లులో కాయలు చెరిగే పనికి పోయేది. మిల్లు ఏడాదికి నాలుగు నెలలే తిరుగుతుంది. ఆమె ఇంటికీ ఊరి అంగన్‌వాడీ సెంటరుకూ మధ్య ఒక్క పిట్టగోడే అడ్డం. తొమ్మిదేళ్లుగా ఆ సెంటర్లో ఆయా లేదు. తొమ్మిదేళ్లుగా రోజూ నాలుగు బిందెలు నీళ్లు ఆ గోడ మీదుగా అందించింది ఓబులమ్మే. ఎవరూ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. పిల్లోళ్లకు దాహమైతాది కదా అనేది.

ఇప్పుడా ఆయా పోస్టు పడింది. ఏడో తరగతి చదివి, పెళ్లై, ఆ ఊరికే చెందిన ఆడమనిషి కావాలి. ఓబులమ్మకు అన్నీ ఉన్నాయి. కావలసిందల్లా ఈమె ఈ ఊరి మనిషేనని ఆఫీసు ఇచ్చే ఒక్క కాగితం, స్థానిక ధ్రువపత్రం. శుక్రవారం సాయంత్రం ఐదులోపల ఇవ్వాలి. ఐదు దాటితే ఆ పోస్టు మళ్లీ ఎప్పుడు పడుతుందో పోస్టు వేసినవాళ్లకే తెలియదు. ఆమెకు అప్పటికే నలభై నాలుగు. నలభై ఐదు దాటితే తీసుకోరు.

సోమవారం పొద్దున వీఆర్వో ఖాజావలి, ఆర్డరు మీద పలకను సంకలో పెట్టుకుని, బోడిగుట్టపల్లెకు పోయాడు. ఓబులమ్మ గడపలోనే నిలబడి ఆమె వివరాలు వేలితో రాసుకున్నాడు, ఫొటో తీశాడు. ఐదు నిమిషాలు. ఊరంతా చూసి ఆశ్చర్యపోయింది.

"రేపు ఆఫీసుకొచ్చి కాగితం తీసుకోపో అక్కా. దిమ్మ మీద కూచోబెట్టేదే తడవు, వచ్చేస్తాది," అన్నాడు ఖాజావలి.

అతను మంచివాడే. పలక ఉద్యోగి అయిన సంగతి అతనికి ఇంకా తెలియదు.

మధ్యాహ్నం రెండున్నరకు అతను పలకతో ఆఫీసు మెట్లెక్కుతుంటే తిప్పేస్వామి గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఫలకానికి బోడిగుట్టపల్లెలో పోస్టింగు వేశాం, అక్కడి నుంచి రిలీవింగ్ ఆర్డరు ఏదని అడిగారు. రిలీవ్ కాకుండా వచ్చి కూర్చుంటే విధులు వదిలేసి పారిపోయినట్టు లెక్క. అది ఫలకం సర్వీసుకే మచ్చ. రేపు దాని ప్రమోషన్‌కు ఇబ్బంది. ఖాజావలి ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. పలకను మళ్లీ బండి మీద వేసుకుని పదకొండు కిలోమీటర్లు వెనక్కి తీసుకుపోయి, ఆ ఊళ్లోనే ఉన్న తన ఇంట్లో బీరువా మీద పెట్టుకున్నాడు.

మంగళవారం ఓబులమ్మ మొదటి ఆటోకే వచ్చింది.

"నీ పని అయిపోయిందమ్మా," అన్నారు తిప్పేస్వామి గారు. "మేం చెయ్యాల్సిందేం లేదు. కాగితం రావాలంతే."

"కాగితం యాడుండాది సారూ?"

"పలకలో ఉంది."

"పలక యాడుండాది?"

"మీ ఊళ్లో."

ఓబులమ్మ ఆయన మొహంలోకి చూసింది. "నేను ఊర్నించే కదా సారూ వచ్చింది," అంది.

తిప్పేస్వామి గారికి కోపం రాలేదు. ఆయనకు కోపం రాదు. ఓపిగ్గా విడమరిచి చెప్పారు. పలక రావాలంటే రిలీవింగ్ ఆర్డరు పోవాలి. ఆర్డరు పోవాలంటే కంప్యూటర్లో టైపు చెయ్యాలి, చేతిరాత ఆర్డర్లు ఉగాది నుంచి చెల్లవు. కంప్యూటర్లో టైపు చెయ్యాలంటే తెర కావాలి. తెర ఊళ్లో ఉంది. ఆ ఉన్నదాన్ని రప్పించడానికే కదా ఆర్డరు.

ఓబులమ్మ బయటికొచ్చి నా షెడ్డులో కూర్చుని నీళ్లు తాగింది. నేను లోపలికి పోయి అరిచాను. నా అరుపుకో, ఆమె మౌనానికో గాని పదకొండు గంటలకు ఒక దారి తేలింది. పాత టైపు మిషను స్టోరు గదిలో ఉంది. తీశారు. రిబ్బను ఎండిపోయింది. రిబ్బనుకు బదులు కార్బన్ పేపరు పెట్టి కొట్టారు. మీటలకు తుప్పు పట్టింది, ఒక్కో అక్షరానికీ రెండు వేళ్లూ కావలసి వచ్చాయి. సాయంత్రం ఐదుంబావుకు ఆర్డరు తయారైంది. ఆఫీసు టైము అయిపోయింది కాబట్టి దాన్ని మర్నాడు పంపారు.

బుధవారం ఆ ఆర్డరు బోడిగుట్టపల్లెకు చేరేసరికి పలక లేవలేదు. రెండు రోజులుగా ఊళ్లో కరెంటు సరిగ్గా లేదు, బ్యాటరీ పడుకుంది. ఆఫీసుకు తెచ్చి తీగ పెడితే గంటలో లేస్తుంది. కాని రిలీవింగ్ ఆర్డరు మీద సంబంధిత ఉద్యోగి 'అందినది' అని ఒప్పుకోవాలి. కళ్లు తెరవని ఉద్యోగి ఎలా ఒప్పుకుంటుంది? ఖాజావలి ఫోను చేస్తే తిప్పేస్వామి గారు పలకకు ఒక రోజు మెడికల్ లీవు మంజూరు చేయించారు. డ్యూటీలో చేరేటప్పుడు గెజిటెడ్ వైద్యాధికారి ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచెయ్యాలన్నారు.

ఖాజావలి దాన్ని నేరుగా బాషా దగ్గరికి తెచ్చాడు. బాషా తీగ పెట్టాడు. పలక లేచింది. బాగానే ఉందని కాగితం మీద రాసిచ్చాడు. బాషా గెజిటెడ్ కాడు కాబట్టి ఆ కాగితం చెల్లలేదు. ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ ఖాజావలిని చూసి, పలకను చూసి, తనకు రోగులున్నారని బయటికి పంపేసింది. చివరికి పక్క కాంపౌండులో పశువుల డాక్టరు దొరికాడు. ఆయన గెజిటెడ్. ఆ రోజు దూడలకు టీకాలు వేస్తూ విసిగి ఉన్నాడు. పలక మీద రెండు చోట్ల నొక్కి చూసి, 'పరీక్షించితిని, విధులకు యోగ్యము, ఈనిన దాఖలాలు లేవు' అని ఫారం నింపి సంతకం పెట్టాడు. ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క ఫారమే.

*

గురువారం పొద్దున పలక, ఆరోగ్యవంతమైన ఉద్యోగిగా, చేతిలో అన్ని కాగితాలతో ఆఫీసు మెట్ల మీదికి వచ్చింది. ఓబులమ్మ అప్పటికే వచ్చి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మూడు రోజుల్లో మూడు రోజుల కూలి పోయిందని ఆమె అనలేదు, నేను అంటున్నాను.

తిప్పేస్వామి గారు చేరిక నివేదిక తీసుకున్నారు. సర్వీసు పుస్తకం తెరిచారు. రాయబోతూ ఆగారు. 'ప్రస్తుత నివాసం' అన్న గడి ఖాళీగా ఉంది. సోమ, మంగళ, బుధ మూడు రాత్రులూ పలక బోడిగుట్టపల్లెలో ఖాజావలి ఇంట్లోనే బస చేసింది. ఆ గడి నింపకుండా చేర్చుకోకూడదు. నింపాలంటే రుజువు కావాలి. రుజువంటే స్థానిక ధ్రువపత్రం.

ఆయన ఫైలు తీసుకుని తహసీల్దార్ గారి గదిలోకి పోయారు. పది నిమిషాల్లో బయటికొచ్చారు. చేతిలో తెల్ల కాగితం, దాని మీద తహసీల్దార్ గారి స్వదస్తూరి, సంతకం, గుండ్రటి సీలు. 'సదరు ఫలకము బోడిగుట్టపల్లె గ్రామమునకు చెందిన స్థానికురాలని ధ్రువీకరించడమైనది.'

ఓబులమ్మ ఆ కాగితాన్ని చూసింది. ఆమెకు చదవడం వచ్చు.

"సారూ, ఇట్లాంటిదే నాకూ చేత్తో రాసియ్యండి. నేను ఆడ నలభై నాలుగేండ్లుగా ఉండాను. అది మూడు దినాలుండె."

"అది వేరమ్మా," అన్నారు తిప్పేస్వామి గారు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. "ఇది ఉద్యోగి సర్వీసు విషయం, శాఖాపరమైంది. చేత్తో రాయొచ్చు. నువ్వు ప్రజవి. ప్రజలకు చేతిరాత ఇస్తే మిమ్మల్ని పాతకాలంలోకి నెట్టినట్టే. నీకు కంప్యూటర్ కాగితమే ఇవ్వాలని సర్క్యులరు. మీ గౌరవం కోసమే పెట్టినారు."

"గౌరవం నాకొద్దు సారూ. కాగితం ఇయ్యండి."

ఈ మాట విని గది అవతల అటెండరు నవ్వాడు. తిప్పేస్వామి గారు నవ్వలేదు. రేపు పొద్దున ఫలకం సీట్లో కూర్చుంటుంది, మొదటి కాగితం నీదే అని మాటిచ్చారు. పదకొండు కిలోమీటర్ల ప్రయాణానికి చేరిక గడువు ఒక రోజు ఉంటుందట. ఆ రోజును పలక వాడుకోకపోతే మిగతా సిబ్బంది హక్కులకు భంగమట.

శుక్రవారం పొద్దున పది ఇరవైకి పలక దిమ్మ మీద కూర్చుంది. నాలుగు రోజుల తరవాత కంప్యూటర్ కంప్యూటరైంది. వెలిగింది కూడా. తెర మీద ఓబులమ్మ ఫొటో కనిపించింది, గడపలో నిలబడి, కొంగు తల మీదికి లాక్కుంటూ. తిప్పేస్వామి గారు ప్రింటు మీటకు వేలు చాపారు.

అప్పుడు తహసీల్దార్ గారు లోపలి నుంచి వచ్చి పలకను ఊడదీసుకున్నారు.

జిల్లా వీడియో సమావేశం. 'గడపకే తెర' మీద సమీక్ష. పలక లేకుండా ఎలా కూర్చుంటారు? అరగంట అన్నారు. అరగంట ఐదు గంటలు దాటేదాకా సాగింది. మధ్యలో ఒకసారి తలుపు సందులోంచి పెద్దాఫీసరు గొంతు వినబడింది. ఈ మండలంలో వచ్చిన ప్రతి అర్జీ అదే రోజున తెరలోకి ఎక్కింది, పెండింగు సున్నా, మిగతా మండలాలు వీరిని చూసి నేర్చుకోవాలి అంటున్నాడు. లోపల చప్పట్లు వినిపించాయి. ఆ పెండింగు సున్నా బయట బెంచీ మీద కూర్చుని గోడ గడియారం చూస్తోంది.

ఐదు అయింది. ఓబులమ్మ లేచి చీర దులుపుకుంది. బస్టాండు వైపు పోయింది.

*

ఐదున్నరకు అదే గదిలో ఆయా పోస్టుల ఎంపిక కమిటీ కూర్చుంది. మా తహసీల్దార్ గారే దానికి పెద్ద. సమావేశంలో పొగిడించుకుని వచ్చిన మనిషి, ఉత్సాహంగా ఉన్నారు. ఊరి వారీగా ఈ వారంలో జారీ అయిన స్థానిక ధ్రువపత్రాల ఫైలు తెప్పించారు. బోడిగుట్టపల్లె కింద ఒకటే కాగితం ఉంది.

మిగతా కథ మినిట్స్ పుస్తకంలో ఉంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి తెప్పించుకున్నాను, ఇంటి గోడకు అంటించుకున్నాను. అభ్యర్థి స్థానికురాలు అన్న షరతుకు 'అవును, పత్రము జతచేయబడినది' అని ఉంది. ఏడో తరగతి అన్న షరతుకు 'సర్వీసు పుస్తకము ప్రకారము అన్నీ తెలుసు'. ఆరోగ్యానికి పశువైద్యాధికారి పత్రం. వివాహిత అన్న షరతు దగ్గర కొంత చర్చ జరిగినట్టుంది. 'దిమ్మతో జతపరచబడి ప్రస్తుతము విడిగా ఉన్నందున వివాహితగానే భావించవచ్చును' అని తీర్మానించారు. స్త్రీ అన్న షరతుకు 'కాదని నిరూపించు పత్రమేదియు ఫైలునందు లేదు'. వయసు ఎనిమిది నెలలు. గరిష్ఠ పరిమితికి లోబడే ఉంది. కనిష్ఠ పరిమితిని ఎవరూ చూడలేదు.

పోటీలో ఇంకెవరూ లేనందున ఫలకమును అంగన్‌వాడీ ఆయాగా తాత్కాలికంగా నియమించారు, అర్హత గల మరొక స్థానికురాలు లభించు వరకు.

సోమవారం ఖాజావలి దాన్ని సెంటర్లో కుర్చీ మీద కూర్చోబెట్టి వచ్చాడు. సెంటరు టీచరుకు ఏం చేయాలో తోచలేదు. ఆర్డరులో ఆయా విధులు రాసి ఉన్నాయి. నీళ్లు తేవడం, ఊడవడం, పిల్లలకు మూతులు కడగడం. ఆమె పలక ముందు రెండు బిందెలు పెట్టింది. పలక వాటిని ఫొటో తీసింది.

గోడ అవతల ఓబులమ్మ ఆ రోజు నీళ్లు అందించలేదు. ఆ పని చేసేవాళ్లను పెట్టినారు కదా, ఇంకొకరి ఉద్యోగంలో నేనెందుకు చెయ్యి పెట్టల్ల అందట. పదిన్నర దాకా ఇంట్లోనే కూర్చుంది. పదిన్నరకు గోడ మీద ఒక చిన్న తల కనిపించింది, అవ్వా నీళ్లని అడిగింది. దాని పక్కన ఇంకోటి. ఓబులమ్మ మొండిదే గాని రాయి కాదు. గోడ మీదుగా బిందె అందించే బదులు, గోడ మీదుగా పిల్లల్నే అందుకుంది. ఒకరొకరుగా ఇరవై ఇద్దర్నీ. వాళ్ల వెనకే గుడ్లు, పప్పు, బొమ్మల పుస్తకాలూ పట్టుకుని టీచరు కూడా వచ్చేసింది. మంగళవారం అదే. బుధవారం అదే. ఓబులమ్మ వాకిట్లో చింతపండు ఎండబెట్టే చాప మీద పిల్లలు అ ఆలు దిద్దుకుంటూ ఉన్నారు. సెంటర్లో పలక ఒక్కతే కుర్చీలో కూర్చుని, తన ముందున్న ఖాళీ గదిని గంటగంటకూ ఫొటో తీసి జిల్లా ఆఫీసుకు పంపుతూ ఉంది. హాజరు వంద శాతం. ఆ హాజరు ఎవరిదని ఆఫీసు అడగలేదు. అంకె బాగుంటే అడగరు.

గురువారం తనిఖీకి వచ్చిన తహసీల్దార్ గారు ఖాళీ గదిని కళ్లతో చూశారు. గోడ అవతల నవ్వులు విన్నారు. తొంగి చూశారు. చాప మీద ఇరవై ఇద్దరు పిల్లలు, మధ్యలో ఒకడి ముక్కు తుడుస్తూ ఓబులమ్మ.

ఆయనకు చాలా కోపం వచ్చింది. ప్రభుత్వం నియమించిన ఆయాను ఒంటరిని చేసి, ఆమె పరిధిలోని పిల్లల్ని పక్కింట్లోకి మళ్లించడం విధులకు ఆటంకం కలిగించడమే అన్నారు. అదే సాయంత్రం నోటీసు కొట్టించారు. దాన్ని పాత టైపు మిషను మీదే కొట్టారు, పలక కోసం ఎదురుచూడలేదు. హక్కు ఇచ్చే కాగితం కంప్యూటర్లోంచే రావాలి గాని, శిక్ష వేసే కాగితానికి అలాంటి పట్టింపు లేదు. అది గంటలో వస్తుంది, ఇంటికే వస్తుంది. ఖాజావలి తలదించుకుని ఓబులమ్మ చేతికిచ్చాడు.

ఓబులమ్మ నోటీసు రెండుసార్లు చదివింది. నన్ను చదివిపెట్టమని అడగలేదు. శుక్రవారం పొద్దున తొలి ఆటోలో వచ్చి, నా పక్క దుకాణంలో మూడు జిరాక్సులు తీయించుకుని, తిన్నగా లోపలికి పోయింది. ఆమె వెనకే నేనూ పోయాను. ఈసారి అరవడానికి కాదు.

తహసీల్దార్ గారి బల్ల మీద నోటీసు పెట్టింది.

"సారూ, ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"ఈ సీలు?"

"ఆఫీసుది. ఏం, కాదంటావా?"

"కాదన్లేదు సారూ. ఇందులో రాసిందంతా నిజమేనా అని అడుగుతాండా."

తహసీల్దార్ గారు కుర్చీలో వెనక్కి వాలారు. స్వయంగా విచారించి రాసిందే, ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు, ఏ కోర్టులోనైనా చెబుతాను అన్నారు.

ఓబులమ్మ వేలు పెట్టి మొదటి వాక్యం చూపించింది. తిప్పేస్వామి గారు వంగి, అలవాటు కొద్దీ, పైకి చదివారు. "బోడిగుట్టపల్లె గ్రామ స్థిర నివాసి అయిన ఓబులమ్మ, పుట్టుక నుండి నేటి వరకు సదరు గ్రామమునందే ఉంటూ, గ్రామస్థులతో గల చిరకాల పరిచయమును ఆసరాగా చేసుకుని..."

చదవడం ఆపేశారు.

"అర్హత గల ఊరి మనిషి దొరికేదాకా అని కదా ఆ పలకను పెట్టింది," అంది ఓబులమ్మ. "దొరికినాను. మీరే పట్టుకున్యారు."

తహసీల్దార్ గారు తిప్పేస్వామి వైపు చూశారు. ఇది కంప్యూటర్ కాగితం కాదు కదా, నోటీసు కదా, ఇది ఎలా చెల్లుతుంది అని అడిగారు. ముప్పై ఒక్కేళ్లుగా ఆయన అడిగినప్పుడల్లా తిప్పేస్వామి గారి దగ్గర ఒక నిబంధన ఉండేది. ఆ రోజూ ఉంది. కాకపోతే అది ఇటువైపు తిరిగి ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"ఇది చెల్లకపోతే ఈమె ఆ ఊరి మనిషి కాదు సార్. ఆ ఊరి మనిషి కాకపోతే ఆ ఊళ్లో ఆటంకం కలిగించలేదు. అప్పుడు నోటీసూ చెల్లదు. సంతకం పెట్టినవాళ్లకు నోటీసు ఇవ్వాల్సొస్తుంది." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, "చెల్లుతుంది సార్," అన్నారు.

నియామకపు ఆర్డరు కూడా పాత మిషను మీదే కొట్టారు. కార్బన్ పేపరు చిరిగిపోయేదాకా కొట్టారు. తహసీల్దార్ గారు సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టుకుంటూ, ఉద్యోగం వేరు, తప్పు వేరు, నోటీసుకు మాత్రం మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవలసిందే అన్నారు. పైచేయి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా పాపం.

"ఇస్తా సారూ," అంది ఓబులమ్మ. "ఈడ్నే రాసిస్తా. కాగితమియ్యండి."

నిలబడే రాసింది. రెండు ముక్కలు. 'సెంటర్లో నాలుగు దినాలుగా ఆయా లేదు. పిల్లోళ్లకు దాహమై నా ఇంటికి వచ్చినారు.'

నియామకం జరిగి ఉంది. ఆర్డరు ఉంది. హాజరు వంద శాతం ఉంది. పలక ఇంకా ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. ఇన్ని ఉండగా ఆయా లేదని రాస్తే ఒప్పుకునే ఫైలు మా ఆఫీసులో లేదు. తహసీల్దార్ గారు ఆ కాగితాన్ని చూసి తిప్పేస్వామి వైపు నెట్టారు, పరిశీలించి అభిప్రాయం రాయమని.

తిప్పేస్వామి గారు దాన్ని రెండుసార్లు చదివారు. తరవాత ఆ రెండు వాక్యాల కింద గీత గీసి, తన గుండ్రటి చేతిరాతతో ఒకే మాట రాసి సంతకం పెట్టారు. 'నిజము.'